రాబందుల సాక్ష్యం

ఈదులపాడు మాదిగపల్లెలో పేరయ్యకి ఉన్న ఆస్తి ఒకే ఒక్క మాట. "తినొచ్చు" అనే మాట. ఊళ్లో గొడ్డు చచ్చినా గొర్రె చచ్చినా దాన్ని లాక్కెళ్లి, కోసి, లోపల చూసి అతను ఆ మాట అంటేనే పల్లెలో పొయ్యిలు రాజుకునేవి. "ఒద్దు" అన్నాడంటే ఎంత ఆకలి మీద ఉన్నా ఎవరూ ముట్టుకునేవాళ్లు కారు. ఆ మాట అతనికి తండ్రి ఇచ్చిపోయాడు. తండ్రికి తాత ఇచ్చాడు. మార్టూరుకి పడమరగా, బోడికొండలు కనపడేంత దూరంలో ఉన్న ఆ ఊళ్లో బతికున్న గొడ్లన్నీ ఊరివాళ్లవి, చచ్చిన గొడ్లన్నీ పల్లెవాళ్లవి. అలా పంచుకోమని ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. ఆ పంపకంలో పల్లెవాళ్లకి వచ్చిన భాగం మీద తీర్పు చెప్పేవాడు పేరయ్య.

తీర్పు ఊరికే చెప్పేవాడు కాదు. ఊరికి దక్షిణాన చవిటినేలలో గొడ్లదిబ్బ ఉంది. కళేబరాన్ని అక్కడికి లాక్కెళ్లి ముందు ముక్కు చూసేవాడు. ముక్కులోంచి గడ్డకట్టని నల్లరక్తం కారుతుంటే కత్తి ముట్టకుండానే గొయ్యి తవ్వేవాడు. లేకపోతే పొట్ట చీల్చి, ఎడమపక్క నాలుకలా వేలాడే ముక్కను బయటికి తీసేవాడు. అది ఉబ్బి, నల్లబడి, వేళ్ల మధ్య బురదలా జారిందా, అది దొమ్మరోగం. తోలు కూడా ఒలవకుండా పూడ్చాల్సిందే. అన్నీ బాగున్నా కూడా వెంటనే నోరు విప్పేవాడు కాదు. పేగులు తీసి దూరంగా విసిరి, తుమ్మచెట్టు కింద చతికిలబడి చుట్ట వెలిగించేవాడు.

రాబందులు దిగాలి. దిగి, తిని, బరువెక్కి, రెక్కలు చాచుకుని ముసలాళ్లలా నాలుగడుగులు పరిగెత్తి, మళ్లీ పైకి లేవాలి. అవి లేచాక అతనూ లేచేవాడు. "తినొచ్చు" అనేవాడు.

నిజానికి రాబందు కడుపు దొమ్మరోగాన్ని కూడా అరిగించుకోగలదు. ఆ పక్షి సాక్ష్యం ఏనాడూ గట్టి సాక్ష్యం కాదు. తరతరాలుగా పల్లెని కాపాడింది కత్తీ, కన్నూ. ఆ సంగతి పేరయ్యకి తెలియదు, అతని తాతకీ తెలియదు. కత్తిని సగం నమ్మారు, పక్షిని పూర్తిగా నమ్మారు.

ఆ నేల మీద బతుకు ఏ వరసలో నిలబడిందో చూడాలంటే దిబ్బ మీంచే చూడాలి. ఊళ్లో డాబాల మీంచి కనపడదు. పైన ఎండ, ఎప్పుడో ఒకప్పుడు వాన, కింద నల్లరేగడి. వీటికి ప్రాణం లేదు. వీటిని తిని బతకగలిగింది పచ్చనాకు ఒక్కటే. జొన్న, పత్తి, మిరప, గట్ల మీది గరిక. ఎండని తిండిగా మార్చే పని ఆకు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. తతిమ్మా ప్రాణులన్నీ దాని కష్టం మీద బతికేవే. పురుగు ఆకుని తింటుంది, గొర్రె ఆకుని తింటుంది. పురుగుని గోరింక తింటుంది, గొర్రెని మనిషి తింటాడు. మెట్టు ఎక్కేకొద్దీ తిండి తరిగిపోతుంది. తిన్నదాంట్లో చాలా భాగం నడవడానికీ, ఊపిరి తియ్యడానికీ, ఒళ్లు వెచ్చగా ఉంచుకోడానికీ అయిపోతుంది మరి. అందుకే గరికపోచలకి లెక్కలేదు, గొర్రెలకి మందలున్నాయి, రాబందులు మాత్రం ఒక్క తాటితోపుకి సరిపడా ఉన్నాయి.

చివరికి అన్నీ చస్తాయి. చచ్చినదాన్ని రాబందు, కుక్క, ఈగ, పేడపురుగు, కంటికి ఆననివి మరెన్నో తిని, విరిచి, కుళ్లబెట్టి మళ్లీ నేలకి అప్పజెబుతాయి. అక్కణ్నుంచి ఆకు మళ్లీ మొదలుపెడుతుంది. ఈ ఆఖరి పని ఆగితే మొదటి పని కూడా ఆగుతుంది. అంత అవసరమైన పని చేసేవాళ్లు గనకనే కాబోలు ఊరు వాళ్లని కంటికి కనపడనంత దూరంలో పెట్టింది, రాబందుల్నీ పేరయ్యనీ కూడా.

పేరయ్య తోలు ఊనేవాడు, పచ్చితోలుని పదును చేసేవాడు. ఇంటివెనక తోళ్లు నానేసే లంద ఉండేది. సున్నపునీళ్లలో తోళ్లు నానబెట్టి, బొచ్చు గీకి, తంగేడు చెక్క నీళ్లలో ఊరబెట్టేవాడు. చెప్పులు కుట్టేవాడు, ఎడ్లకి వార్లు కోసేవాడు, మోటబావులున్న రోజుల్లో నీళ్లు తోడే తోలు తొండాలు కుట్టేవాడు. ఆ కంపులో బతికి బతికి నడివయసు వచ్చేసరికి అతని ముక్కు పనిచెయ్యడం మానేసింది. మల్లెపూలైనా ఒకటే, మురుగుగుంటైనా ఒకటే. "నా అంత సుఖపడేవాడు ఊళ్లో లేడు" అని నవ్వేవాడు. "ఎవడి కంపూ నాకు తెలవదు."

అతని పెళ్లాం రెబ్కా. ఒంగోలు వైపు మిషను బడిలో నాలుగు తరగతులు చదివి వచ్చిన మనిషి. బైబిలు చదవగలదు, గట్టిగా పాడగలదు, మొగుడి మీద అంతకంటే గట్టిగా అరవగలదు. పిల్లలు నిలవలేదు. ఇంట్లో వాళ్లిద్దరే. పల్లెకి ఉపదేశిగా ఇమ్మానియేలు వచ్చిన ఏడు, చచ్చినదాన్ని తినడం మానండని అతను ప్రతి ఆదివారం చెప్పడం మొదలుపెట్టాడు. "వాళ్లు పారేసింది తిన్నంతకాలం వాళ్లు మనల్ని పారేసినవాళ్లలాగే చూస్తారు" అనేవాడు. పల్లెలో సగం మంది ఒట్టు పెట్టుకున్నారు. మొదట చెయ్యెత్తింది రెబ్కా.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో రెండు కుండలు.

"నీ కుండ పరలోకానికి పోద్దిలే" అనేవాడు పేరయ్య. "నా కుండ ఇక్కడే ఉంటది."

"నీ కుండ కడిగేది కూడా నేనేగా" అనేది రెబ్కా. "అదీ రాసుకుంటాడు దేవుడు."

అతనికి ఉపదేశి మీద కోపం లేదు. అతని మాటలో నిజం ఉందని కూడా తెలుసు. కానీ అది మానేస్తే పేరయ్యకి మిగిలేది ఏమిటి? మోటబావుల దగ్గరికి ఆయిలింజన్లు వచ్చాయి, తొండాలు పోయాయి. సంతలో టైరుచెప్పులు వచ్చాయి. మిగిలింది ఆ ఒక్క మాట. మనిషికి తన మాట కోసం ఎదురుచూసేవాళ్లు నలుగురైనా ఉండాలి కదా.

అరవై ఐదులో వానలు మోసం చేశాయి. తర్వాతి ఏడూ అంతే. జొన్న చొప్ప దగ్గరే ఆగిపోయింది. ఊళ్లో పెద్దరైతు యలమందయ్య మాత్రం అంతకుముందే నాటుపత్తి మానేసి కొత్తరకం పత్తి పెట్టాడు. బావి కింద చేలల్లో అది మనిషెత్తున పెరిగింది. ఆకు నున్నగా, మెత్తగా ఉండేది. మనిషికే ముద్దొచ్చే ఆకు పురుగుకి రాదా? కాయతొలుచు పురుగు పడింది.

యలమందయ్య ఎండ్రిన్ పురుగుమందు డబ్బాలు తెప్పించాడు. మందు కొట్టే పని కూలివాడు నన్నే సాహెబ్‌ది. వీపున డబ్బా కట్టుకుని, మూతికి తువ్వాలు చుట్టుకుని, చాళ్ల మధ్య వెనక్కి నడుస్తూ కొట్టేవాడు. ఆ ఏడు మొదటిసారి కొట్టినప్పుడు పురుగులు చాళ్లలో రాలి పడ్డాయి. వాటిని తినడానికి గోరింకలు గుంపులుగా దిగాయి. మర్నాటికి గోరింకలు కూడా చాళ్లలోనే ఉన్నాయి. తూనీగలు పోయాయి, సాలీళ్లు పోయాయి, గట్ల కింద కప్పలు వెల్లకిలా తేలాయి. యలమందయ్య గట్టు మీద నిలబడి, "చూశావా సాయిబూ, చేను అద్దంలా ఉంది" అన్నాడు. నిజంగానే అద్దంలా ఉంది. అందులో ప్రాణమున్నది పత్తిచెట్టు ఒక్కటే.

పురుగు మళ్లీ వచ్చింది. దాన్ని తినేవాళ్లెవరూ మిగల్లేదు గనక ఈసారి తాపీగా వచ్చింది. రెండోసారి కొట్టించాడు. పత్తి తీతలన్నీ అయిపోయాక, చిటారున మిగిలిన కాయల మీద ఆశతో మూడోసారి కొట్టించాడు. ఆ కాయలూ దక్కలేదు. "ఇంక చాలు" అనుకుని గొల్ల మాలకొండయ్యకి కబురు పెట్టాడు.

ఆ పక్క ఊళ్లన్నిటా ఉన్న పద్ధతే అది. ఆఖరి తీత అయ్యాక చేలోకి మందని వదులుతారు. మిగిలిన ఆకూ పిందే గొర్రెలు మేస్తాయి. రాత్రికి అక్కడే మంద కడతారు. పెంటికలూ ఉచ్చా నేలలోకి దిగుతాయి. వచ్చే ఏడు పంటకి అదే బలం. రైతుకి ఎరువు, గొర్రెకి మేత, గొల్లకి తవ్వెడు గింజలు. ఆకు గొర్రెలోకి పోయి, గొర్రె లోంచి నేలలోకి పోయి, మళ్లీ ఆకవుతుంది. ఎవరి కడుపూ కొట్టని బేరం.

మాలకొండయ్య మంద ఆ ఎండాకాలం ఎండుపుల్లలు కొరికి బతుకుతోంది. పచ్చటి చేను చూసి అతని ప్రాణం లేచొచ్చింది. అయినా అడిగాడు.

"మందు కొట్టిచ్చావంట గదా దొరా."

"పురుక్కి కొట్టిచ్చాన్రా. నీ గొర్రె పురుగా?"

"అది కాదు..."

"పోయినేడు కొట్టలా? పోయినేడు మెయ్యలా? ఏమన్నా అయిందా? ఇష్టమైతే తోలు, లేకపోతే ఇంకో మంద రాదా నాకు?"

పోయినేడు కొట్టింది ఒక్కసారే. కొట్టాక అకాలంగా పెద్దవాన ఒకటి పడింది. ఆ తేడా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మాలకొండయ్య మందని తోలాడు.

అదే రోజుల్లో రెబ్కా మంచంలో ఉంది. విషజ్వరం వచ్చి చాలా రోజులు పీడించి పోయింది. జ్వరమైతే పోయింది గానీ దాంతోపాటు ఒంట్లోని సత్తువంతా తీసుకుపోయింది. లేచి కూర్చుంటే కళ్లు తిరిగేవి. జొన్నగంజి తప్ప ఇంట్లో ఇంకోటి లేదు. ఒంగోలు నుంచి వచ్చిన నర్సమ్మ నాడి చూసి, కనురెప్ప లాగి చూసి, "ఒంట్లో రక్తం లేదు. మాంసం రసం పట్టించు, కార్జం దొరికితే మరీ మంచిది. లేకపోతే ఈమె లేవదు" అని చెప్పేసి వెళ్లిపోయింది.

పేరయ్య ఆ మాట పట్టుకుని తిరిగాడు. ఊళ్లో కోళ్లు కూడా బక్కచిక్కి ఉన్నాయి. కూలీ లేదు, అడిగితే ఇచ్చేవాళ్లు లేరు. రెబ్కా చేతులు చూస్తే అతనికి భయమేసేది. ఎప్పుడూ తనమీదికి గరిటె ఎత్తే చేతులు అవి. ఇప్పుడు దుప్పటి లాక్కోడానికి కూడా సరిపోవడం లేదు. ఆమె తిట్టి వారమైంది. ఆమె మళ్లీ తిట్టాలి. అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

ఒక పొద్దున మాలకొండయ్య మనిషిని పంపకుండా తనే వచ్చి పల్లె మొదట్లో నిలబడి కేకేశాడు.

"ఒరే పేరయ్యా, రారా. నా కొంప మునిగింది."

"ఏమైంది కొండయ్యన్నా?"

"చిటుకు రోగం తగిలింది. ఎగిరెగిరి పడి చస్తన్నయ్యి."

చిటుకు రోగం ఆ ప్రాంతపు గొర్రెలకి కొత్త కాదు. ఆకలితో మాడిన గొర్రె ఒక్కసారిగా పచ్చిమేత మీద పడి కడుపు పగిలేలా మేస్తే, గాల్లోకి ఎగిరి, కాళ్లు కొట్టుకుని, చిటికెలో చస్తుంది. అందుకే ఆ పేరు. బక్క మంద, పచ్చటి చేను, ఎగిరెగిరి పడి చావడం. అన్నీ దాని గుర్తులే. చిటుకుతో చచ్చిన గొర్రెని తాతల నాటి నుంచీ తింటున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. మందు సంగతి పేరయ్యకి తెలియదని కాదు. ఊరంతటికీ తెలుసు. అయితే మందు పురుగుల లెక్కలో ఉంది, గొర్రె రోగాల లెక్కలో ఉంది. ఆ రెండు లెక్కల్నీ కలిపి చూడాలని ఎవరికీ తోచలేదు.

చేలో గొర్రెలు చాళ్లకి అడ్డంగా పడి ఉన్నాయి. మూతుల దగ్గర నురుగు. ఇంకా చావనివి మెడ వెనక్కి విరుచుకుని తన్నుకుంటున్నాయి. మాలకొండయ్య ఒక గొర్రె తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని, "దీని తల్లిని కూడా నేనే పెంచానురా" అన్నాడు.  ఆ గొర్రె కాళ్లు ఆగేదాకా పేరయ్య పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

దిబ్బ మీద కత్తి తీశాడు. ముక్కులు చూశాడు, నల్లరక్తం లేదు. ఎడమపక్క ముక్క తీశాడు, గట్టిగా ఎర్రగా ఉంది. కార్జం నిగనిగలాడుతోంది. మాంసం రంగు మారలేదు, నీరు కారలేదు. రోగం పెట్టే గుర్తు ఒక్కటీ లేదు. పొట్టసంచి చీలిస్తే పచ్చటి పత్తాకు కుప్పగా పడింది. అక్కడ నిలబడ్డ ఎదురింటి విధవరాలు దేవకుమారి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఏందయ్యా ఈ వాసన, కిరసనాయిల్లాగా?"

"పొట్ట వాసన" అన్నాడు పేరయ్య, తనకే వాసనా తెలియకపోయినా.

పేగులు విసిరాడు. చుట్ట వెలిగించాడు. రాబందులు తాటితోపు వైపు నుంచి వచ్చాయి. పైన గుండ్రంగా తిరిగాయి, దిగాయి, మెడలు సాచి పొడుచుకుని తిన్నాయి. పొట్టసంచులు కూడా వదల్లేదు. తిని, పరిగెత్తి, ఒక్కొక్కటే లేచి తోపు వైపు వెళ్లిపోయాయి. ఒకటి లేవడానికి కాస్త తడబడింది. ఎక్కువ తిన్నదిలే అనుకున్నాడు.

"తినొచ్చు" అన్నాడు.

గంపలు కదిలాయి. తన భాగంగా అతను మాంసం అడగలేదు. మంచి కార్జం ఒకటి, బోటి కొంచెం అడిగి తీసుకున్నాడు. బోటిని చెరువుకి తీసుకెళ్లి కడిగేంత ఓపిక లేదు, పైగా తొందర. ఇంట్లో ఉన్న కడవెడు నీళ్లతోనే కడిగాడు. కారం, ఉప్పు వేసి తనే వండాడు. రెబ్కా కుండలో వండాడు.

గోడకి ఆనుకుని కూర్చోబెట్టి రసం నోటి దగ్గర పెడితే రెబ్కా ముందు కుండ వైపు చూసింది, తర్వాత మొగుడి వైపు.

"ఏడదిది?"

"కొండయ్యన్న మందలోది."

"చచ్చిందా, కోసిందా?"

పొయ్యిలోంచి పొగ వస్తోంది. పేరయ్య ఆ పొగని చేత్తో పక్కకి తోశాడు.

"కోసిందే" అన్నాడు. "మంద చస్తంటే, మిగతావి చావకముందే నాలుగు కోశాడు. కళ్లారా చూశా. నీ ఒట్టుకేం కాదు."

"నీ అబద్ధాలు నాకు తెలవ్వా?"

"నీ మీద ఒట్టే."

చాలా రోజులకి ఆమె నవ్వింది. "నా మీద ఒట్టేస్తే నేను చస్తానేమో" అంది. రసం గుక్కెడు తాగి మొహం చిట్లించింది. "కిరసనాయిలు కొడతంది."

"జొరం నోరు. అంతా అట్టానే ఉంటది. మింగు."

ఆమె మింగింది. కార్జం ముక్కలు కొరికి కొరికి తింది, బోటి నాలుగు ముక్కలు తింది. కుండ కడగనా అంటే, "ఒద్దులే, రేపు నేనే కడుక్కుంటా" అంది. ఆ మాట విని పేరయ్య బయటికొచ్చి, చూరు నీడలో కూర్చుని, చాలా కాలం తర్వాత హాయిగా చుట్ట కాల్చాడు.

పొద్దు వాలుతుండగా లోపల మంచం కోళ్లు నేలకి కొట్టుకున్న చప్పుడైంది. వెళ్లి చూస్తే రెబ్కా మెడ వెనక్కి విరుచుకుని ఉంది. కాళ్లు కొట్టుకుంటున్నాయి. మూతి దగ్గర నురుగు. పేరయ్య పొద్దున ఆ కాళ్లనీ ఆ మెడనీ చూశాడు. ఎక్కడ చూశాడో గుర్తొచ్చేసరికి అతను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తర్వాత వెళ్లి ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాడు. పల్లెలో ఇంకా కొందరికి కళ్లు తిరిగాయి, వాంతులయ్యాయి. గట్టివాళ్లు, మాంసం మాత్రమే తిన్నవాళ్లు, తట్టుకున్నారు. రెబ్కా పొద్దు గూకకముందే పోయింది.

మర్నాడు పొద్దున శవం దగ్గరికి నన్నే సాహెబ్ వచ్చాడు. చేతులు వణుకుతున్నాయి. ఆ సంవత్సరమంతా అతని చేతులు అలాగే ఉన్నాయి. శవాన్ని చూసి, పేరయ్యని పక్కకి పిలిచి నెమ్మదిగా అడిగాడు.

"పురుగులమందు తాగిందా?"

"నా పెళ్లాం మందు తాగదు సాయిబూ."

సాహెబ్ పొయ్యి దగ్గర కడగని కుండ చూశాడు. ఎత్తి వాసన చూశాడు. వెంటనే దించేశాడు.

"ఇది నా డబ్బా వాసన" అన్నాడు. "అన్నం తిన్నా నాకు ఇదే వాసన. ఆ చేలో మూడోసారి కొట్టింది మొన్న మొన్ననే. చినుకు పడలా దానిమీద."

పేరయ్య ఆ కుండని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గట్టిగా పీల్చాడు. మళ్లీ పీల్చాడు. ఏమీ తెలియలేదు.

సమాధికి ముందు ఉపదేశి ఇమ్మానియేలు అతని భుజం మీద చెయ్యేసి ప్రార్థన చేశాడు. వెనక నిలబడ్డ ఆడవాళ్లలో ఎవరో, "ఒట్టు తప్పింది, దేవుడూరుకుంటాడా" అని గొణిగారు. ఉపదేశికి వినపడింది. పేరయ్యకీ వినపడింది.

"ఏమయ్యా పేరయ్యా" అని ఉపదేశి మెల్లగా అడిగాడు. "ఆమె చచ్చినదాన్ని తిందా?"

"లేదయ్యగారూ. కోసిన గొర్రె. నేను చూశా."

ఇమ్మానియేలు అతని కళ్లలోకి కాసేపు చూసి, వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా, "ఆమె ఒట్టు తప్పలేదు" అన్నాడు. ఒక అబద్ధం ఆమెకి తిండి తినిపించింది. ఆ అబద్ధమే ఆమెని మర్యాదగా మట్టిలోకి పంపింది. పేరయ్య ఇక దాన్ని వెనక్కి తీసుకోవడానికి లేకుండా పోయింది.

సమాధి అయ్యాక యలమందయ్య ఇంటికి వెళ్లాడు. వాకిలి దాటకుండా దూరంగా నిలబడ్డాడు. అప్పటికే మాలకొండయ్య అక్కడ కూర్చుని ఏడుస్తున్నాడు, అతని మంద సగం పోయింది. యలమందయ్య నిద్రలేని మొహంతో ఉన్నాడు. చెడ్డవాడేమీ కాదు. ఊళ్లో అందరిలాంటివాడే, అదే వచ్చిన చిక్కు.

"మందు గొర్రెల్లోకి పోయింది దొరా" అన్నాడు పేరయ్య. "గొర్రెల్లోంచి నా ఇంట్లోకి వచ్చింది."

"నేను మేపమన్నాన్రా, అంతే. చచ్చినయి తినమన్నానా?"

పేరయ్య వెనక్కి తిరిగాడు. తినమన్నది తనే. ఆ ఊళ్లో ఆ మాట అనే హక్కు ఇంకెవరికీ లేదు.

ఇంటికి పోకుండా తాటితోపు వైపు నడిచాడు. ఎందుకు నడిచాడో అడిగితే చెప్పలేకపోయేవాడు. తోపు దగ్గర పడేటప్పటికి కాకుల గోల కూడా లేదు. చెట్ల మొదళ్ల దగ్గర రాబందులు పడి ఉన్నాయి. కొన్ని రెక్కలు విప్పుకుని, కొన్ని మెడ కిందికి మడుచుకుని, ఒకటి మట్టల్లో ఇరుక్కుని తలకిందులుగా వేలాడుతూ ఉన్నాయి. చీమలు కళ్లలోకి దారి కట్టాయి. ముందురోజు దిబ్బ మీంచి అవి లేవడం అతను చూశాడు. ఎక్కడ వాలాయో చూడలేదు. తాతా చూడలేదు, తండ్రీ చూడలేదు. పక్షి పైకి లేస్తే చాలు, దాని సంగతి ముగిసిందనుకున్నారు. ఒక చేలో కొట్టిన మందు ఆకులోంచి గొర్రెలోకీ, గొర్రెలోంచి పక్షిలోకీ, మనిషిలోకీ వరస తప్పకుండా నడిచివచ్చింది. తిండి నడిచే దారిలోనే నడిచింది. తిండి మెట్టు మెట్టుకీ తరుగుతుంది. మందు తరగలేదు.

ఒక పక్షి ఇంకా బతికి ఉంది. అతను దగ్గరికి వెళితే ఎగరబోయి పక్కకి ఒరిగింది. పేరయ్య దాని దగ్గర కూర్చున్నాడు. దానికి ఏం చెయ్యాలో అతనికి తెలియదు. చచ్చినవాటితో పని తెలుసు గానీ చస్తున్నవాటితో అతనికి ఎప్పుడూ పని పడలేదు. ఇప్పుడు రెండు రోజుల్లోనే మూడోసారి పడింది.

వానాకాలం ఈసారి వచ్చింది. పత్తి మళ్లీ వేశారు. పురుగూ వచ్చింది, డబ్బాలూ వచ్చాయి. రాబందులు రాలేదు. దిబ్బ మీద ఏదన్నా పడేస్తే ఎముకలు తేలడానికి చాలా రోజులు పట్టేది. కుక్కలు పెరిగాయి. ఈగలు ఊళ్లో డాబాల దాకా వచ్చాయి. గాలి దక్షిణం నుంచి తిరిగినప్పుడు పెద్దిళ్లల్లో కిటికీలు మూసుకునేవాళ్లు. "పేరిగాడు సరిగా చెయ్యట్లా" అనుకునేవాళ్లు. పేరయ్య ఒక్కడు చేసిన పని కాదు అదెప్పుడూ, సగం పని రెక్కలున్నవాళ్లది. ఆ సంగతి అతనికైనా ఇప్పుడే తెలిసింది, వాళ్లకి చెప్పేదెవరు?

దసరా ముందు యలమందయ్య ఎద్దు చచ్చింది. ముసలి ఎద్దు, ఒంగోలు జాతిది, దేశవాళీ మందులకి లొంగని దగ్గుతో పోయింది. పేరయ్యకి కబురొచ్చింది. ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని దిబ్బ మీదికి లాక్కొచ్చాడు. ఆ ఏడు కూడా పల్లెలో కడుపులు ఖాళీయే. గంపలు పట్టుకుని ఆడవాళ్లు వచ్చారు. ఒట్టు పెట్టుకున్న ఇళ్లవాళ్లు కూడా కొందరు దూరంగా నిలబడ్డారు.

ముక్కు చూశాడు. కోసి ఎడమపక్క ముక్క తీశాడు. బాగుంది. కార్జం బాగుంది. పేగులు దూరంగా విసిరి, తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు. చుట్ట వెలిగించలేదు. ఆకాశం శుభ్రంగా ఉంది. నీలంగా, అంచు నుంచి అంచు దాకా, ఒక్క చుక్క నలుపు లేకుండా ఉంది. అతను మెడ నొప్పెట్టేదాకా పైకే చూశాడు.

దేవకుమారి గంప చంకకి మార్చుకుంది.

"తినొచ్చా?"

పేరయ్య చూపు దించలేదు.

"నిన్నేనయ్యా. తినొచ్చా, తినకూడదా?"

"నాకు తెలవదు" అన్నాడు.

ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఎవరో నవ్వబోయి ఆగారు.

"నీకు తెలవకపోతే ఇంకెవరికి తెలుస్తదయ్యా" అంది దేవకుమారి. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది.

పేరయ్య లేచి పార తీసుకున్నాడు. ఎద్దు పక్కన నేల మీద గీత గీసుకుని తవ్వడం మొదలుపెట్టాడు. వాన తడికి నల్లరేగడి పారకి అంటుకుంటోంది. ఒక్కో పారకీ కాలితో తోసి వదిలించుకోవాల్సి వస్తోంది. తోలు కూడా ఒలవలేదు. దొమ్మరోగానికి తప్ప అలా పూడ్చడం అతని జన్మలో లేదు. ఆడవాళ్లు కాసేపు నిలబడి, ఒక్కొక్కరే పల్లె వైపు వెళ్లిపోయారు. దేవకుమారి మాత్రం గంప బోర్లించి దానిమీద కూర్చుంది, అతను మనసు మార్చుకుంటాడేమోనని.